రిపోర్టు రాని పెళ్ళికొడుకు

“నా టిఫిన్ సంచిలో ఊళ్ళోవాళ్ళ ఉమ్మి మోసుకొస్తావా!”

మస్తాన్‌బీ కేక వీధి వైపున్న పరుపుల కొట్టు దాకా వెళ్ళింది. కొట్టులో దూది ఏకే మిషను టక్కున ఆగింది. మిషను ఆగిందంటే ఖాజా మొహిద్దీన్ ఇంట్లో గొడవ వింటున్నాడని అర్థం. వింటాడే గాని లోపలికి రాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్న తెలివి అది.

“అమ్మా, గొట్టాలకు మూతలుంటాయి. మూతల మీద సీలు, సీలు మీద కవరు,” అంది షాహనా జడ వేసుకుంటూ.

“ఎన్నుంటే ఏంది? లోపలుండేది ఉమ్మే గదా! మొన్న మీ నాయన ముత్తుకూరు పోతే ఆ సంచిలోనే పెరుగన్నం కట్టిచ్చినానమ్మే!”

చెల్లెలు సానియా ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని ఆలోచించింది. “అందుకేనేమో నాయన మొన్నట్నించీ హుషారుగా ఉండాడు. ఎవరి డోపమైనో కలిసింది.”

“నువ్వు నోరు మూసుకుని తిను.”

షాహనా జెనెటిక్స్‌లో ఎం.ఎస్సీ. చేసింది. నెల్లూరులోని ఒక మెడికల్ కాలేజీ వాళ్ళ పరిశోధనలో ఆరు నెలలుగా పని చేస్తోంది. మెదడులో డోపమైన్ పని చేసే తీరును నడిపించే జీన్లు మనుషుల ప్రవర్తన మీద, మనసు జబ్బుల మీద ఎంత ప్రభావం చూపిస్తాయో తేల్చడం ఆ పరిశోధన ఉద్దేశం. ఊరూరా తిరిగి ప్రశ్నలు అడగడం, ఫారాలు నింపడం, చిన్న గొట్టంలో ఉమ్మి పట్టుకోవడం షాహనా పని. బంధువులు అడిగితే మస్తాన్‌బీ “ఆస్పత్రిలో ఆఫీసరు” అని చెప్పి మాట మార్చేస్తుంది.

ఆ రోజు గొడవ ఎటూ తెగేలా లేదని ఖాజా మొహిద్దీన్ పరుపుకు వేసే చారల గలీబు గుడ్డ కత్తిరించి, పది నిమిషాల్లో ఒక సంచి కుట్టి గుమ్మంలోంచి లోపలికి విసిరాడు. షాహనా దాన్ని భుజాన వేసుకుని మైపాడు గేటు దగ్గర బస్సెక్కింది.

సముద్రం ఒడ్డు ఊరు మైపాడులో తుఫాను షెల్టరు వరండాయే వాళ్ళ ఆఫీసు. ఆశా వర్కరు గురవమ్మ ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని పోగుచేసి పంపుతుంది. ఆ రోజు చివరగా ఒక కుర్రాడిని చెయ్యి పట్టుకుని మరీ తెచ్చింది. చేతులకు గ్రీజు, చొక్కా జేబులో స్పానరు.

“పేరు?”

“ఆసిమ్.”

“వయసు?”

“ఇరవై ఏడు. మీకు?”

“ఫారంలో ఆ ప్రశ్న లేదు.” షాహనా తలెత్తలేదు. “ఇప్పటిదాకా చేసిన ఉద్యోగాలు చెప్పండి.”

“ఎన్ని గీతలుండాయి?”

“నాలుగు.”

“చాలవు. కాగితం వెనకాల కూడా రాసుకోండి.”

కృష్ణపట్నం పోర్టులో లారీల చీటీలు రాయడం. చిల్లకూరు దగ్గర హైవే హోటల్లో బిల్లులు. ముత్తుకూరు థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు పని. రొయ్యల మేత అమ్మకం. సెల్‌ఫోన్ రిపేరు. ఇప్పుడు పడవ ఇంజిన్ల మెకానిక్కు. ప్రతి ఉద్యోగం మానడానికి కారణం రాయాలి. అన్నిటికీ ఆసిమ్ ఒకటే చెప్పాడు: “విసుగు.”

“కుటుంబంలో ఎవరికైనా డిప్రెషన్ గాని, ఇంకే మానసిక సమస్య గాని...”

“లేదు.”

అంతవరకూ ప్రతి ప్రశ్నకూ ఒక చమత్కారం చేర్చినవాడు దీనికి మాత్రం ఒక్క ముక్కలో చెప్పి సముద్రం వైపు చూశాడు. షాహనా ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టింది.

“అర్ధగంట నుంచి ఏమన్నా తిన్నారా, తాగారా?”

“ఇప్పుడే టీ తాగినా.”

“అయితే అర్ధగంట ఆగాలి. ఏమీ తినకూడదు.”

ఇరవై ఐదు నిమిషాలు గడిచాక ఆసిమ్ జేబులోంచి రెండు వేరుశనగ పప్పులు తీసి నోట్లో వేసుకున్నాడు.

“అయ్యో, మర్చిపోయినా!”

“మళ్ళీ అర్ధగంట,” అంది షాహనా గడియారం చూసి.

ఈసారి ఇరవై ఎనిమిది నిమిషాలకు సోంపు గింజలు. షాహనా పెన్ను కింద పెట్టి అతన్ని తేరిపార చూసింది. అతను తల వంచుకుని స్పానరును తిప్పి తిప్పి పరిశీలించాడు, మొదటిసారి చూస్తున్నట్టు.

“ఇంతకీ మా ఉమ్మిలో ఏం చూస్తారు మేడం?”

“మెదడులో డోపమైన్ అని ఒక రసాయనం ఉంటుంది. ఏదన్నా బాగుంటుందని ఆశ పుట్టించేది, దాని వెనకాల పరిగెత్తించేది అదే. అది వచ్చి కూర్చోవడానికి పీటలుంటాయి. వాటిని రిసెప్టర్లంటారు. ఆ పీటలు ఎట్లా తయారు చెయ్యాలో జీన్లలో రాసి ఉంటుంది. ఆ రాత అందరికీ ఒక్కలా ఉండదు.”

“నా పీటకు ఒక కాలు పొట్టిగా ఉంటుంది. అందుకే ఎక్కడా కుదురుగా కూర్చోలేను.”

“గంటన్నర నుంచీ ఇక్కడే కూర్చున్నారు,” అంది షాహనా.

గురవమ్మ ముక్కున వేలేసుకుంది. “వాళ్ళమ్మ అన్నం పెట్టి చెయ్యి కడుక్కొచ్చేలోగా తిని లేచిపోతాడమ్మా వీడు. ఇంతసేపు కూర్చోబెట్టినావంటే నీ దగ్గిర ఏదో మందుండాది.”

ఆసిమ్ గొట్టం నింపి ఇచ్చాడు. షాహనా దాని మీద నంబరు అంటించింది. నలభై ఏడు.

నెల తర్వాత రెండో విడత ప్రశ్నల కోసం వెళ్ళిన రోజు వాన పట్టుకుంది. నవంబరు వాన నెల్లూరు తీరానికి చుట్టం లాంటిది. వస్తే మూడు రోజులు దిగబడుతుంది. బస్‌స్టాపు రేకు కింద షాహనా ఒక్కతే నిలబడి ఉంటే ఆసిమ్ బండి ఆపి, తడిసి ముద్దయి లోపలికొచ్చాడు.

“బండి మీద దింపుతా రండి.”

“వద్దు. బస్సొస్తుంది.”

“అయితే బస్సొచ్చేదాకా నేనూ ఉంటా.”

రేకు మీద వాన చప్పుడుకి మాటలు కొంచెం గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఎదురుగా వేప కొమ్మ మీద ఒక కాకి రెక్కలు ముడుచుకుని వీళ్ళనే చూస్తోంది.

“మేడం, ఒక నిజం చెప్పనా? ఆ రోజు వేరుశనగ పప్పులు మర్చిపోయి తిన్లేదు.”

“తెలుసు.”

“సోంపు కూడా...”

“తెలుసు. సోంపు పక్క కొట్టుకు పోయి కొనుక్కొచ్చారు.”

ఆసిమ్ నోరు తెరిచి మూశాడు. షాహనా నవ్వు ఆపుకోవడానికి గడియారం చూసుకుంది. గడియారంలో నీళ్ళు పోయి ఎప్పుడో ఆగిపోయి ఉంది.

“నా రిపోర్టు ఎప్పుడొస్తుంది?” అడిగాడు ఆసిమ్.

“రాదు. మీ పేరు తీసేసి నంబరు ఉంచుతారు. కొన్ని వందల నంబర్లు కలిపి లెక్క చూస్తారు. ఎవరికి ఏముందో విడిగా చెప్పరు. నాకూ తెలియదు.”

“ఒక్కళ్ళ కోసం కూడా చూడరా?”

“చూడరు.”

అతని ముఖంలో వెలుగు తగ్గింది. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు, కానీ తగ్గడం మాత్రం చూసింది. బస్సు యాభై నిమిషాలకు వచ్చింది. ఆ యాభై నిమిషాలూ అతను నిలబడే ఉన్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని షాహనా తనను తాను నిజాయితీగా ప్రశ్నించుకుంది. మూడో విడత ఎప్పుడొస్తుందా అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నానా? అవును. అయితే ఆ ఇంటర్వ్యూ తను చెయ్యకూడదు. ఇష్టం పుట్టాక రాసే జవాబులు తిన్నగా ఉండవు.

మర్నాడు పరిశోధన నడిపే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పింది. “నలభై ఏడో నంబరు ఇంటర్వ్యూ ఇంకొకళ్ళకు ఇవ్వండి మేడం.”

“ఏం, ఇబ్బంది పెట్టాడా?”

“లేదు మేడం. ఇబ్బంది నా వైపు నుంచే.”

డాక్టరమ్మ తలెత్తకుండానే షాహనాతో పాటు పనిచేసే జయశీల పేరు రాసింది. మూడో విడతకు జయశీలే మైపాడు వెళ్ళి వచ్చింది.

ఆ వారంలోనే ఒక ఉదయం ఖాజా మొహిద్దీన్ కొట్టు ముందు ఆటో ఆగింది. ఆటో పైన తాళ్ళతో కట్టిన పాత పరుపు. దాని వెనకే, గురవమ్మ దగ్గర కొట్టు ఆచూకీ కనుక్కుని బండి మీద ఆసిమ్.

“మామా, ఈ పరుపు ఏకాల. పెళ్ళి కాలం, రద్దీగా ఉంటారని తెలుసు, అయినా...”

ఆసిమ్ సంగతి అక్క నోట ముందే విన్న సానియా కిటికీలోంచి చూస్తూ ఆమె చెయ్యి గిల్లింది. “మామా అంటుండాడు. అప్పుడే.”

“నెల్లూరులో అందరూ అందర్నీ మామా అనే అంటారు,” అంది షాహనా. అన్నదే గాని ఊడిన జడ ముడి సరిచేసుకుని కొట్టులోకి వెళ్ళింది.

ఖాజా లోపల తూకపు రాయి వెతుకుతున్నాడు. ఆసిమ్ గొంతు తగ్గించాడు. “మీరెందుకు రాలేదు? ఇంకొకామెను పంపించినారు. నా ఉమ్మిలో ఏం కనపడింది?”

“ఏం కనపడలేదు. నేను చూడలేదు, చూడలేను.”

“మరెందుకు రాలేదు?”

దానికి జవాబు ఉంది. కానీ నాయన రెండు గజాల దూరంలో ఉన్నాడు. షాహనా మౌనాన్ని ఆసిమ్ ఇంకోలా అర్థం చేసుకున్నాడని అతని దవడ బిగుసుకోవడంలోనే తెలిసింది.

ఇంతలో ఖాజా వచ్చి పరుపు నేల మీద పరిచి అరచేత్తో తల వైపు నుంచి కాళ్ళ వైపుకు నొక్కుతూ పోయాడు. వైద్యుడు కడుపు నొక్కి చూసినట్టు చూస్తాడాయన. మామూలుగా పడుకుని లేచేవాళ్ళ పరుపు అంతటా సమంగా నలుగుతుంది. మనిషి లేవకపోతే దూది ఒక్కచోట రాయిలా బిగుస్తుంది.

“మీ ఇంట్లో ఎవరు మంచం పట్టినారబ్బయ్యా? అయిదారు నెలలు పైనే లేవలేదే.”

ఆసిమ్ బండి వైపు తిరిగాడు. “ఎవరూ లేరు,” అన్నాడు. “మెల్లగా ఏకండి. తొందరేం లేదు.” బండి స్టార్టు చేసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రానికి సంగతి మస్తాన్‌బీ దాకా వెళ్ళింది. సానియా నోట్లో నువ్వు గింజ నానదు.

“ఆ పిల్లోడంటే నీకిష్టమా?” సూటిగానే అడిగింది మస్తాన్‌బీ.

“ఇష్టమే.”

“వాళ్ళింట్లో ఎవరో ఏళ్ళూ పూళ్ళూ లేవకుండా పడుండారంట. కాలు విరిగితే విరిగిందంటారు. దాస్తుండారంటే అది మనసు జబ్బే. అట్టాంటిది రక్తంలో వస్తుంది. చెప్పాల్సిందానివి నువ్వే, నీ ఉద్యోగమే అది! ఇంకా ఆరు ఉద్యోగాలు మారినోడు. రేపు నిన్ను మారిస్తే?”

షాహనాకు ఫారంలో తను పెట్టిన టిక్కు గుర్తొచ్చింది. ‘లేదు.’

ఆదివారం సెలవు. ఆ రోజు ఏ ఫారమూ లేకుండా మైపాడు వెళ్ళింది. ఒడ్డున పడవ పక్కకు వాలి ఉంది. ఆసిమ్ ఇంజిన్ విప్పి, భాగాలు గోనె మీద వరసగా పేర్చి తుడుస్తున్నాడు.

“మూడో ఉద్యోగం, థర్మల్ ప్లాంటుది, ఎందుకు మానారు?” అడిగింది ఇసుకలో కూర్చుంటూ.

“విసుగు.”

“ఇప్పుడు నా చేతిలో కాగితం లేదు. నిజం చెప్పొచ్చు.”

ఆసిమ్ గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

“అమ్మ. మూడేళ్ళయింది. ఏ కారణం లేదు, ఎవరూ ఏమన్లేదు. ఒక రోజు లేవలేదు. మర్నాడు లేవలేదు. ఎనిమిది నెలలు. ఇప్పుడు బాగుండాది, మాత్రలు వాడుతుండాది. మా మేనమామకు కూడా ఇట్టాగే వచ్చిందంట. ఆయనకు మందూ మాకూ లేదు. ఇల్లొదిలి యాడికో పోయినాడు.” సముద్రం వైపు చూశాడు. “నేనూ ఒకచోట ఉండలేను గదా. ఆయన మాదిరి తిరుగుడో, అమ్మ మాదిరి పడుకోడమో, ఏదో ఒకటి నాలో ఉండే ఉంటుంది. అందుకే మీ ఉమ్మి గొట్టం కనపడగానే ఆశ పుట్టింది. లేదని తేలిపోతే చాలు గదా అని.”

“లేదని ఆ గొట్టం చెప్పలేదు ఆసిమ్,” అంది షాహనా. మొదటిసారి గారు గాని మీరు గాని లేకుండా. “ఒక రకం డోపమైన్ రిసెప్టర్ జీను ఉన్నవాళ్ళకు కొత్తదనం మీద మోజు కొంచెం ఎక్కువని కొన్ని పరిశోధనలు చెప్పినాయి. కొన్ని అదేం లేదన్నాయి. డిప్రెషనయితే ఒక్క జీను పని కానే కాదు. వందల జీన్లు, ఒక్కోటి చిటికెడు. దాని మీద పెరిగిన ఇల్లు, నిద్ర, పడిన కష్టం, పక్కనుండే మనుషులు. మీ అమ్మకు వచ్చింది కాబట్టి నీకు రావడానికి అవకాశం మిగతావాళ్ళకన్నా కొంచెం ఎక్కువే. అబద్ధం చెప్పను. కానీ ఎక్కువ అంటే ఖాయమని కాదు.”

“నాలో ఏదో కనపడే మీరు రాలేదనుకున్నా.”

“నేను రాకపోయింది వేరే కారణానికి.” షాహనా ఇసుక మీద గీతలు గీసింది. “ఇష్టపడిన మనిషిని ఇంటర్వ్యూ చెయ్యకూడదు. అది రూలు.”

అల ఒకటి వచ్చి గోనె అంచు తడిపి వెళ్ళింది. ఆసిమ్ దాన్ని వెనక్కి లాగలేదు. ఒక్క క్షణం అతని ముఖం తెల్లవారినట్టయింది. మరుక్షణం మబ్బు కమ్మింది.

“అయితే ఇంకా కష్టం,” అన్నాడు. “ముక్కూ మొగం తెలీని వాళ్ళయితే ఏమో. రేపు అమ్మ మాదిరి నేను పడుకుంటే, నిన్ను తీసుకొచ్చి ఆ మంచం పక్కన కూర్చోబెట్టలేను. ఎక్కడో ఒకచోట డబ్బు కడితే పరీక్ష చేస్తారంట గదా. లేదని రాసిచ్చినాకనే మీ ఇంటి గడప తొక్కుతా. లేకుంటే తొక్కను.”

“అట్లా రాసిచ్చేవాళ్ళుంటే వాళ్ళు మోసగాళ్ళు.”

“అయితే రాను.”

షాహనా లేచి కొంగుకంటిన ఇసుక దులుపుకుంది. బస్సు కిటికీలోంచి ఈసారి ఏమీ కనపడలేదు. వాన లేదు. కళ్ళలోనే నీళ్ళు.

బుధవారం ఖాజా మొహిద్దీన్ ఆ పరుపు విప్పాడు. దబ్బనంతో కుట్లు తెంపి, గలీబు వొలిచి, దూదిని పొరలు పొరలుగా తీస్తూ భార్యనూ కూతుర్నీ కేకేశాడు. ఆయన కనుబొమల మీద, గడ్డం మీద దూది పోగులు.

“ఇది చూడండి. నడిమధ్యన ఈ గుంట పడుకున్న మనిషిది. సరే. ఇదేందో చెప్పండి.”

పరుపు అంచున, తల వైపు, జానెడు వెడల్పున దూది అట్టలా అణిగిపోయి ఉంది.

“ఇంకో మనిషి కూడా పడుకున్నాడేమో,” అంది మస్తాన్‌బీ.

“పడుకుంటే పొడుగ్గా ఉంటుంది. ఇది కూర్చున్న గుంట. తల దగ్గిర, అంచున. ఒక రోజు రెండు రోజులు కూర్చుంటే ఇట్టా అణగదు. నెలల తరబడి ఒక్కచోటే కూర్చోవాల.” ఖాజా వేలితో దాన్ని తట్టాడు. “వాళ్ళింట్లో ఉండేది తల్లీ కొడుకూ ఇద్దరే అని ఆటోవాడు చెప్పినాడు.”

షాహనా ఆ అణిగిన దూదిని చేతిలోకి తీసుకుంది. థర్మల్ ప్లాంటు ఉద్యోగం. కారణం, విసుగు.

మస్తాన్‌బీ లోపలికి వెళ్ళి పొయ్యి మీద పాలు ఉన్నాయో లేవో చూసింది. పాలు పొయ్యి మీద పెట్టనే లేదు.

శుక్రవారం నమాజయి ఖాజా ఇంటికొచ్చే వేళకు గుమ్మంలో ఒక సన్నపాటి మనిషి గొడుగు మడుస్తోంది.

“పరుపు అయిందా అన్నా? నేను బీజాన్. మైపాడు. ఆసిమ్ వాళ్ళమ్మను.”

మస్తాన్‌బీ గరిటె పట్టుకుని కొయ్యబారింది. కానీ అన్నం వేళకు గుమ్మంలో నిలబడిన మనిషిని చూస్తే ఆమె నోరు ఆమె మాట వినదు. “లోపలికి రా వదినా, కాళ్ళు కడుక్కో,” అనేసింది.

“వాడికి చెప్పకుండా బస్సెక్కినా. ఆదివారం నుంచీ బాగుండే ఇంజిన్లు విప్పుతాడు, బిగిస్తాడు. ఏందిరా అంటే చెప్పడు. గురవమ్మ దగ్గర చెప్పుకున్నాడంట, ఆమెను పట్టుకుంటే కథంతా చెప్పింది.” బీజాన్ చాప మీద కూర్చుని ఇల్లంతా ఒకసారి చూసింది. చూపు షాహనా దగ్గర ఆగింది. “సోంపు తినిపించిన పిల్లవు నువ్వేనా?”

“నేను తినిపించలేదండీ. ఆయనే...”

సానియా పక్కకు తిరిగి నవ్వుకుంది.

అందరూ చుట్టూ కూర్చుని తినే దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచారు. బగారన్నం, దాల్చా, చేపల పులుసు. మొదటి ముద్ద ఎత్తకముందే వీధిలో బండి ఆగిన చప్పుడు. ఆసిమ్ రొప్పుతూ వచ్చి గడప బయటే ఆగిపోయాడు.

“అమ్మా! చెప్పకుండా వస్తావా? ఎక్కడెక్కడ వెతికినానో తెలుసా? పద పోదాం.”

“గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నావంట గదా. అక్కడే నిలబడు. నేను అన్నం తినొస్తా.”

ఖాజా లేచి వెళ్ళి అతని భుజం మీద చెయ్యేశాడు. “రా అబ్బయ్యా. తినేవాళ్ళ ముందు నిలబడకూడదు.” ఆ చెయ్యి బరువుకే ఆసిమ్ గడప దాటి వచ్చి దస్తర్‌ఖాన్ చివర ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

మస్తాన్‌బీ అందరికీ వడ్డించింది. తరవాత గరిటె గిన్నెలో పెట్టి, బీజాన్ ఎదురుగా కూలబడింది.

“వదినా, మనసులో పెట్టుకోలేను, అడిగేస్తా. నీకొచ్చిన ఆ... అదీ...”

“డిప్రెషన్ వదినా. పేరు చెప్పు. పేరు చెప్తే అంటుకోదు.” బీజాన్ ప్రశాంతంగా ముల్లు తీసి కంచం పక్కన పెట్టింది. “ఎనిమిది నెలలు. ఎదురుగా వీడు కూర్చుని ఉంటే అద్దానికి ఆవల ఉన్నట్టు కనపడేవాడు. పిలిస్తే వినపడేది, పలకడానికి ఓపికుండేది కాదు. ఇప్పుడు మాత్రేసుకుంటా. పొద్దున్నే ఇసకలో నడుస్తా. జాకెట్లు కుడతా. మళ్ళీ వస్తుందా? రావచ్చు. వస్తే ఏం చెయ్యాల్నో ఈసారి తెలుసు.”

మస్తాన్‌బీ కూతురి వైపు తిరిగింది. “నువ్వు చెప్పు. ఈమెకొచ్చింది వాడికొస్తుందా?”

“రావచ్చు. రాకపోవచ్చు.”

“కరాఖండిగా చెప్పలేవా?”

“ఎవరూ చెప్పలేరమ్మా. ఏ జీను చూసినా చెప్పలేరు. మన ఇంట్లో వాళ్ళకైనా రాదని చెప్పలేను.”

మస్తాన్‌బీ పైట కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. చివరికి ఎవరితోనూ కానట్టు అంది.

“సానియా పుట్టినాక మూడు నెలలు... నాకు ఏడుపు ఆగేది కాదు. పిల్లను ఎత్తుకోబుద్ధయ్యేది కాదు. కన్నతల్లికి అట్టా ఉంటే ఏమనుకుంటారో అని ఎవరికీ చెప్పలా. రాత్రి దిండులో మొగం పెట్టుకునేదాన్ని.”

సానియా నవ్వు మొహం ఒక్కసారి చిన్నబోయింది. జరిగి అమ్మ మోకాలికి ఆనుకుని కూర్చుంది.

“నాకు తెలుసు,” అన్నాడు ఖాజా మొహిద్దీన్.

“నీకెట్టా తెలుసు? నేను నీకూ చెప్పలేదే!”

“నీ దిండు ఏకింది నేనే గదా. కన్నీళ్ళకు దూది ఉండలు కట్టి ఉండాది.” ఆయన కంచంలోకే చూస్తూ చెప్పాడు. “ఎట్టా అడగాల్నో నాకు చేతకాలా. కొత్త దూదేసి కుట్టినా. అంతే చేసినా. అడిగుండాల్సింది.”

పందొమ్మిదేళ్ళకు బయటపడిన మాట అది. మస్తాన్‌బీ మొగుడి వైపు అట్లాగే చూసింది. తరవాత కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని ఆసిమ్ మీదికి తిరిగింది.

“ఏమబ్బయ్యా, రిపోర్టొస్తేనే వస్తానన్నావంట?”

“లేదని తేలితే ధైర్యమొస్తుందనుకున్నా అత్తా.” ఆ పిలుపు ఎట్లా వచ్చిందో అతనికే తెలియలేదు. “నా వల్ల షాహనా కష్టపడకూడదని.”

“ఆ మాట నన్నడిగావా?” అంది షాహనా. గొంతు పెద్దది కాదు గాని అందరికీ వినపడింది. “కష్టం రాదని ఎవరి దగ్గరా కాగితం తీసుకోలేం. నాకు కాగితం వద్దు. మాట కావాలి. లేవబుద్ధి కాని రోజు, పారిపోవాలనిపించే రోజు, ఆ రోజే నాకు చెప్పాలి. చమత్కారం చేసి దాటెయ్యకూడదు. ‘లేదు’ అని టిక్కు పెట్టించకూడదు. డాక్టరు దగ్గరికి పోదామంటే రావాలి. నాకు అట్లా ఉంటే నేనూ చెప్తా.”

ఆసిమ్ తల్లి వైపు చూశాడు. ఆమె తనకేమీ పట్టనట్టు పులుసు జుర్రుకుంటోంది.

“చెప్తా,” అన్నాడు.

“ఇప్పుడెట్లా ఉంది? చెప్పు.”

“భయంగా ఉండాది.” కంచం ముందుకు లాక్కున్నాడు. “కానీ లేచి పోవాలని లేదు.”

మస్తాన్‌బీ పెద్ద చేప ముక్క ఏరి అతని కంచంలో వేసింది. గరిటెను గిన్నె అంచుకు రెండుసార్లు కొట్టింది. ఆ చప్పుడుకు ఇంట్లో అందరూ తలెత్తారు. ఆ ఇంట్లో అది గంట కొట్టినట్టే.

“వినండి. రంజాన్ నెల మొదలయ్యేలోపే నిఖా. తారీఖు ఈయనా, వదినా కూర్చుని ఇప్పుడే తేల్చాల. అంతదాకా కంచాల ముందర నుంచి ఎవరూ లేచేది లేదు.”

“వచ్చే నెల రెండో ఆదివారం,” అంది బీజాన్, ముందే అనుకుని వచ్చినట్టు.

“రెండో ఆదివారం,” అన్నాడు ఖాజా మొహిద్దీన్.